ఆగక్క ముందు ఆగని మెరుపు

ఆ ఫ్యాక్టరీలో తయారైన ప్రతి రోబో బయటి ప్రపంచం కంటే ముందు ఆగక్క ముఖం చూసేది.

పరీక్షల షెడ్డులో నేల మీద పసుపు రంగుతో గీసిన గుండ్రం ఒకటి ఉంది. ఆమె అందులో నిలబడుతుంది. షెడ్డు అవతలి గోడ దగ్గర్నుంచి, బరువులెత్తే రోబో ఒకటి, చిన్నపాటి ఏనుగంత ఉంటుంది, తిన్నగా ఆమె మీదికి నడిచొస్తుంది. ఆమె "ఆగు" అంటుంది. అది మూడడుగుల దూరంలో ఆగాలి. ఆగితే ఆమె కాగితం మీద సంతకం పెడుతుంది, రోబో లారీ ఎక్కుతుంది. ఆగకపోతే ఆమె పక్కకి గెంతుతుంది, రోబో మరమ్మతుకి వెనక్కి పోతుంది. పన్నెండేళ్ళుగా ఇదే ఆమె ఉద్యోగం. 'ఆగు' అనే అక్క కాబట్టి ఆగక్క అయింది. పొద్దున గేటు దాటింది మొదలు సాయంత్రం దాకా నోరు ఆగక మాట్లాడుతూనే ఉంటుంది గనక ఆ పేరు రెండు రకాలుగానూ అతికిందని షెడ్డులో వాళ్ళు నవ్వుకునేవారు.

మనిషెందుకు, ఒక బొమ్మని నిలబెట్టి టేపు మోగించొచ్చు కదా అని కొత్తగా చేరినవాళ్ళు అడుగుతారు. మీదికొచ్చేదాన్ని కళ్ళతో చూస్తూ మనిషి అనే 'ఆగు' వేరు. అందులో ఒకరోజు వణుకుంటుంది, ఒకరోజు కోపముంటుంది, జలుబు చేసిన రోజు బొంగురుంటుంది. అన్నిటికీ రోబో ఆగాలి. అందుకే మనిషే నిలబడాలని చట్టం.

ఆమె అంతకుముందు సిటీ బస్సులో కండక్టరు. నిండు బస్సులో వెనక తలుపు దగ్గర నుంచి ఆమె వేసే కేక డ్రైవరుకే కాదు, పక్క బస్సు డ్రైవరుక్కూడా వినిపించేది. బస్సులు వాటంతటవే నడవడం, టిక్కెట్లు వాటంతటవే కొట్టడం మొదలయ్యాక ఉద్యోగం ఊడింది. 'గట్టి గొంతు, గట్టి గుండె ఉన్నవారు కావలెను' అన్న ప్రకటన చూసి ఈ ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడింది. మొదటిరోజు మొదటి రోబో వస్తుంటే కళ్ళు గట్టిగా మూసుకుని, ఉన్న ఊపిరంతా పెట్టి అరిచింది. కళ్ళు తెరిచేసరికి ఆ ఇనుప ఛాతీ చెయ్యి చాస్తే అందేంత దూరంలో, నోట్లో వేలు పెట్టినా కొరకనట్టు నిలబడి ఉంది. ఆ క్షణంలో పాదాల నుంచి మాడు దాకా పాకిన జలదరింపు ఆమెకి భయంలా అనిపించలేదు. సాయంత్రం ఇంటికెళ్ళి, పంపులు బాగుచేసే భర్తని వంటగదిలో ఒక మూల నిలబెట్టి, తను రోబోలా నడిచొచ్చి మరీ చూపించింది. ఆయన 'ఆగు' అనడం మర్చిపోయాడు. ఆమె ఆయన కాలు తొక్కేసింది.

ఆ ఉద్యోగం వద్దని ఎవరైనా అంటే అత్తగారే అంటుందని అనుకుంది. అత్తగారు అనలేదు. ఆవిడ వయసులో ఉండగా రేవులో బస్తాలు మోసింది. ఇప్పుడు నడుము కొడవలిలా వంగిపోయి, ఎదుటివాళ్ళ ముఖం చూడాలంటే తల పక్కకి తిప్పి చూస్తుంది. "ఆ యంత్రాలేవో నలభై ఏళ్ళ ముందే వచ్చుంటే నేను నిటారుగా నిలబడి నీతో దెబ్బలాడేదాన్ని," అంది కోడలితో. "వెళ్ళు. మంచివేవో చూసి పంపు."

ఆ మాట ఆగక్క మనసులో పడిపోయింది. తను సంతకం పెట్టిన ఒక్కో రోబో ఎక్కడో ఒక ఆడమనిషి నడుముని కాపాడుతుందని అనుకునేది. అందుకే ఆమె రోబోలకి శత్రువు కాదు. వాటిని చూసి ఫ్యాక్టరీలో అందరికంటే ఎక్కువ మురిసిపోయేది ఆమే.

అలాంటి మనిషికి 'మెరుపు' కనపడితే ఇంకేముంది.

మెరుపు అనేది కొత్త రకం. ఎనిమిదడుగుల ఎత్తు, నాలుగు చేతులు. పాతవి నడిచేవి, ఇది పరిగెత్తుతుంది. మొదటిసారి ఆమె గుండ్రంలో నిలబడి "ఆగు" అన్నప్పుడు అది అంత వేగంలోనూ ఎక్కడ ఆగాలో అక్కడ, వెంట్రుకవాసి తేడా లేకుండా ఆగింది. దాని వెనకే వచ్చిన గాలి ఆమె ముఖానికి కొట్టి జడ భుజం మీంచి వెనక్కి పడింది. ఆమె గుక్క తిప్పుకుని, "ఇంకోసారి పంపండి," అంది. ఆ పొద్దున పదకొండుసార్లు పంపించుకుంది. అవసరం రెండుసార్లే. ఇంటికెళ్ళాక అత్తగారికి దాని మోకాళ్ళు ఎలా వంగుతాయో, చేతులు ఎలా మడతపడతాయో చెప్తూ పళ్ళెంలో తిండి చల్లారిపోయేదాకా కూర్చుంది.

పదో రోజు మధ్యాహ్నం ఆమె టీ కప్పుతో షెడ్డు పక్క నడవలో వస్తోంది. ఎదురుగా మెరుపు, ఇనుప దిమ్మల పెట్టెని ఎత్తుకుని స్టోరుకి పోతోంది. ఊరికే, తెలిసినవాళ్ళు దారిలో ఎదురైతే పలకరించినట్టు, "ఆగు," అంది ఆమె.

అది ఆగలేదు.

ఆమె గోడకి అతుక్కుపోయింది. పెట్టె అంచు ఆమె చొక్కా బొత్తాలని రాసుకుంటూ పోయింది. టీ అంతా చేతిమీద పడింది. మెరుపు ఇంకో ఆరు అడుగులు ముందుకి వేసి, స్టోరులో పెట్టెని నెమ్మదిగా, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు దించి, అప్పుడు ఠక్కున ఆగిపోయింది.

చెయ్యి చుర్రుమంటున్నా ఆమెకి అదేమీ పట్టలేదు. గుండె బస్సు ఇంజనులా కొట్టుకుంటోంది. దాని వెనకే పోయి మళ్ళీ పెట్టె ఎత్తించింది. ఈసారి పక్కన నిలబడి "ఆగు" అంది. ఏడు అడుగులు. మళ్ళీ. ఆరు. పెట్టె లేకుండా అంది. అనగానే ఆగింది. ఏదో తీగ కొస దొరికిందని అర్థమైంది. తిన్నగా ప్రోగ్రాములు రాసే గది వైపు పరుగు తీసింది.

ఆ గదిలో ఉండేది గొణుగుడన్నయ్య. యాభై దాటిన ఇంజనీరు. మనుషులతో మాట్లాడాల్సిన మాటలు కూడా కంప్యూటరు తెరతో గొణిగే అలవాటు వల్ల ఆ పేరొచ్చింది.

"అన్నయ్యా, మీ మెరుపుకి చేతినిండా పనుంటే చెవులు పనిచెయ్యవా?"

ఆయన కాసేపు తెరతో ఏదో గొణిగాడు. చివరికి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నాడు. "చెవులు బానే పనిచేస్తాయమ్మా. వింటుంది. విని పక్కన పెడుతుంది."

"పక్కన పెట్టడమేమిటి? అదేమన్నా ఆఫీసరా?"

"చేతిలో బరువుండగా హఠాత్తుగా ఆగితే పెట్టెలు జారి పగులుతున్నాయి. అందుకని ముందు పని, తర్వాత ఆగడం. 'ఆగు' అన్న మాట వరసలో వెనక నిలబడుతుంది. పెట్టె దించాక దాని వంతు వస్తుంది."

"గండం వస్తే ఆపే ఎర్ర బొత్తాం నొక్కితే?"

"అదీ అదే వరసలో నిలబడుతుంది."

"అంటే పెట్టె చేతిలో ఉన్నంతసేపు ఎవరి మాటా వినదన్నమాట."

"పని మాటైతే వింటుంది. ఎడమకి తిరగమంటే తిరుగుతుంది, ఎత్తమంటే ఎత్తుతుంది. పని ఆపమంటేనే వినదు."

"మరి నేను పదిరోజులుగా దీని పరీక్ష కాగితాల మీద సంతకాలు పెడుతున్నానే?"

"చట్టంలో ఖాళీ చేతులతో పరీక్ష చెయ్యమని ఉంది. ఖాళీ చేతులతో అది బంగారం." ఆయన గొంతు మళ్ళీ గొణుగుడులోకి దిగింది. "నేను వద్దనే రాశాను. రెండుసార్లు రాశాను." కలంతో పైకప్పు వైపు చూపించాడు. పై అంతస్తులో పెద్దసారు గది.

పెద్దసారంటే జనరల్ మేనేజరు. చెడ్డమనిషి కాదు. ఆగక్కని చూడగానే లేచి నిలబడి కుర్చీ చూపించే మనిషి. ఆమె కాలిన చెయ్యి చూసి మందుల పెట్టె తెప్పించి, తనే పూతమందు, గుడ్డ అందించాడు. తర్వాత ఆమె రాసుకొచ్చిన కాగితం చదివాడు. చదువుతూ ఒకచోట ఆగి, గోడకి అంటించిన అట్టని వేలితో చూపించాడు. అది రిపోర్టుల్లో వాడాల్సిన మాటల పట్టిక. 'ప్రమాదం' అనకూడదు, 'గమనించదగ్గ విషయం' అనాలి. 'మనిషికి తగిలింది' అనకూడదు, 'అనుకోని స్పర్శ' అనాలి.

"సార్, నా చేతికి తగిలింది వేడి టీ," అంది ఆగక్క. "దాన్నేమని రాయమంటారు?"

ఆయన నిజంగానే నవ్వాడు. నవ్వి, ఇంకో కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. "చూడండమ్మా. పోయినేడాది పాతరకం రోబోల మీద వచ్చిన ఫిర్యాదులు. సామాను పగిలిందని తొమ్మిది వందల పైన. మనుషులకి తగిలిందని నాలుగు. నా కుర్చీలో మీరుంటే ముందు దేన్ని సరిచేస్తారు?"

ఆమె ఆ కాగితాన్ని కింద దాకా చదివింది. "ఆ నలుగురూ ఇప్పుడెలా ఉన్నారు సార్?"

పెద్దసారు కాగితం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. అందులో ఆ సంగతి లేదు.

"వచ్చేవారం ప్రదర్శన ఉంది," అన్నాడు గొంతు తగ్గించి. "రేవులవాళ్ళు, గిడ్డంగులవాళ్ళు అందరూ వస్తున్నారు. అది కానివ్వండి. ఆ తర్వాత కూర్చుని చూద్దాం. అందాకా బరువుతో ఎవరి ముందూ నడిపించం. మాట ఇస్తున్నాను."

ఆమె మాట నమ్మింది. కానీ కాగితంలో 'ప్రమాదం' అన్న మాట మాత్రం కొట్టెయ్యలేదు. సంతకం కింద తేదీ వేసి, ఒక నకలు గొణుగుడన్నయ్య దగ్గర పెట్టింది.

ప్రదర్శన రోజు పొద్దున షెడ్డు గుర్తుపట్టలేనట్టు ఉంది. నేల అద్దంలా కడిగారు. రెండువైపులా కుర్చీలు, వాటి నిండా అతిథులు. ఆగక్కకి కంపెనీ కొత్త నీలం చొక్కా ఇచ్చింది. ఆమె పని మొదట్లోనే. మెరుపు ఖాళీ చేతులతో పరిగెత్తుకొస్తుంది, ఆమె ఆపుతుంది. అన్నీ తెలిసి కూడా, అంతమంది ముందు అది దూసుకొస్తుంటే ఆమెకి ఒళ్ళంతా ఈల వేసినట్టయింది. "ఆగు" అంది. ఆగింది. కుర్చీల్లో వాళ్ళు ఊపిరి బిగబట్టి వదిలిన చప్పుడు ఆమెకి వినిపించింది. తర్వాత చప్పట్లు. ఆమె వంగి నమస్కారం పెట్టి పక్కకొచ్చి, గొణుగుడన్నయ్య పక్కన నిలబడింది.

అక్కడితో అయిపోవాలి. కానీ వెనక తలుపు తెరుచుకుంది. మెరుపు లోపలికి పోయి, నాలుగు చేతులతో ఒక నీళ్ళ ట్యాంకుని ఎత్తుకుని బయటికొచ్చింది. అద్దం ట్యాంకు, అంచుదాకా నీళ్ళు. ఒక్క చుక్క ఒలకకుండా కుర్చీల మధ్య నుంచి ఆ చివరికి పరిగెత్తి చూపించడం ఆట.

"ఇది లిస్టులో లేదు కదన్నయ్యా," అంది ఆగక్క.

"పొద్దున చేర్చారు," గొణిగాడాయన. ముఖం పాలిపోయి ఉంది.

అతిథులు లేచి నిలబడి చూస్తున్నారు. నిజానికి అది చూడముచ్చటగా ఉంది. నీళ్ళు కొంచెం ఊగుతున్నాయే తప్ప తొణకడం లేదు. ఫోటోలు తీసే అమ్మాయి ఒకామె, మొత్తం ట్యాంకు ఫోటోలో పట్టాలని కెమెరా కంటికి పెట్టుకుని ఒక్కో అడుగే వెనక్కి వేస్తోంది. వెనక్కి, ఇంకాస్త వెనక్కి. కుర్చీల వరస దాటి నడిమధ్య దారిలోకి వచ్చేసింది. మెరుపు మలుపు తిరిగి అదే దారిలోకి వచ్చింది. కెమెరా కంటిలో అది ఎంత దగ్గరుందో ఆ అమ్మాయికి తెలియడం లేదు.

బల్ల దగ్గర కూర్చున్న ఆపరేటరు "ఆగు" అన్నాడు. మళ్ళీ గట్టిగా అన్నాడు. ఎర్ర బొత్తాం మీద అరచేత్తో కొట్టాడు. మెరుపు వస్తూనే ఉంది.

ఆగక్క అప్పటికే పరిగెత్తుతోంది. పన్నెండేళ్ళ అలవాటు కొద్దీ నోట్లోకి 'ఆగు' అన్న మాటే వచ్చింది. నాలుక చివరిదాకా వచ్చాక దాన్ని మింగేసింది. అది వరసలో వెనక నిలబడే మాట. వరసలో ముందుండే మాట కావాలి. పని మాట కావాలి. బస్సులో వెనక తలుపు దగ్గర నుంచి వేసిన కేకలన్నీ కలిపి ఒక్క కేకగా వేసింది.

"దించు."

మెరుపు పాదాలు నేలని కరుచుకున్నాయి. మోకాళ్ళు వంగాయి. ఆ ట్యాంకు కిందికి, ఇంకా కిందికి వచ్చి, ఆ అమ్మాయి బూట్ల ముందు జానెడు దూరంలో నేలని తాకింది. నీళ్ళు ఒక్కసారి ఎగిసి ఆ అమ్మాయి నెత్తిమీద, కెమెరా మీద దబ్బున పడ్డాయి. చేతులు ఖాళీ అయ్యాయి గనక, వరసలో ఉన్న 'ఆగు'లన్నిటికీ వంతు వచ్చింది. రోబో నిలువునా బిగుసుకుపోయింది.

షెడ్డు పైకప్పు అదిరేలా చప్పట్లు. ఇదంతా ఆటలో భాగమే అనుకున్నారు వాళ్ళు.

పెద్దసారుకి ఆ చప్పట్లు ప్రాణం పోసినట్టయ్యాయి. మైకు అందుకుని, "చూశారుగా, మన మెరుపు ఎంత చెప్పినమాట వింటుందో," అన్నాడు. నుదుటిమీద చెమట మాత్రం అలాగే ఉంది.

ఆగక్క తడిసి ముద్దైన ఆ అమ్మాయిని భుజాలు పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. ఆ పిల్ల పళ్ళు టకటకలాడుతున్నాయి. "అక్కా, అది ఆగేదేనా?" అని అడిగింది చెవి దగ్గర. ఆ ప్రశ్న వినగానే ఆగక్క ఆమె భుజాలు వదిలింది. తిన్నగా పెద్దసారు దగ్గరికెళ్ళి చెయ్యి చాచింది. అందరూ చూస్తున్నారు. ఆయనకి మైకు ఇవ్వక తప్పలేదు.

"ఇందాకటి ఆట సగమే అయింది," అంది ఆమె. "మిగతా సగం కూడా చూడండి. ముందు దారిలో ఎవరూ లేకుండా అందరూ కుర్చీల వెనక్కి వెళ్ళండి. మీలో గొంతు పెద్దదెవరిది?"

జనం నవ్వి ఒకావిడ వైపు చూపించారు. రేవు నుంచి వచ్చిన భద్రతాధికారిణి. భారీ మనిషి, జుట్టు నెరిసింది. ఆగక్క ట్యాంకుని మళ్ళీ ఎత్తించి, ఖాళీ దారిలో నడిపించింది. "ఇప్పుడు ఆపండి మేడమ్," అంది.

"ఆగు," అందావిడ. కిటికీ అద్దాలు మోగాయి. మెరుపు నడుస్తూనే ఉంది. జనం అడుగులు లెక్కపెట్టడం మొదలుపెట్టారు, మొదట ఒకరిద్దరు, తర్వాత అందరూ. దారి పొడుగు కాబట్టి లెక్క ఇరవై దాకా వెళ్ళింది. చివర్లో ట్యాంకు దించి అప్పుడాగింది. ఈసారి చప్పట్లు లేవు.

రేవు అధికారిణి పెద్దసారు వైపు తిరిగింది. "ఈ సంగతి మీకు ముందే తెలుసా?"

ఆయన నీళ్ళు నమిలాడు. "అది... గమనించదగ్గ విషయంగా నమోదు చేశామండి."

"ప్రమాదం అని నమోదైంది," అన్నాడు గొణుగుడన్నయ్య. జేబులోంచి నకలు తీసి ఆవిడకిచ్చాడు. ఆయన అంత స్పష్టంగా మాట్లాడగా ఆ ఫ్యాక్టరీలో ఎవరూ అంతకుముందు వినలేదు.

ఆవిడ నిలబడే చదివింది. మిగతా అతిథులు చుట్టూ మూగి భుజాల మీంచి చదివారు. ఆ పూట ఒక్క ఆర్డరు మీద కూడా సంతకం పడలేదు. వెళ్ళేముందు ఆవిడ ఒకే మాటంది. "యంత్రం బాగుంది. మాకు కావాలి కూడా. చేతిలో బరువుండగా ఈమె ఆపి, సంతకం పెట్టాకే మా రేవుకి పంపండి." మిగతావాళ్ళూ అదే మాట మీద నిలబడ్డారు.

మర్నాడు పెద్దసారు పిలిపించాడు. ఇక ఉద్యోగం లేనట్టేనని ఆమె తన డబ్బా, గొడుగు కూడా సర్దుకుని మరీ పైకెక్కింది. ఆయన కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. "నేను అబద్ధం ఆడలేదమ్మా," అన్నాడు. "చెప్పకుండా ఊరుకున్నానంతే. పై బోర్డువాళ్ళకి చెప్తే వాళ్ళూ ఊరుకోమనేవాళ్ళే."

"మాట ఇచ్చారు కదా సార్."

ఆయన బల్ల దగ్గరికొచ్చి ఒక కాగితం తీశాడు. "ఆ నలుగురి సంగతి నిన్న రాత్రి కనుక్కున్నాను," అన్నాడు. "ముగ్గురు పనిలోకి తిరిగొచ్చారు. ఒకతని కాలు పోయింది." అది చెప్పడానికే పిలిచాడని ఆమెకి అర్థమైంది. తలూపి, గొడుగు తీసుకుని కిందికి దిగింది. ఉద్యోగం గురించి ఆయన ఎత్తనే లేదు. అతిథులంతా ఆమె సంతకమే కావాలన్నాక ఎత్తడానికేం లేదు కూడా.

తర్వాతి మూడు నెలల్లో ఉన్నంత హడావుడి ఆమె జీవితంలో ఎప్పుడూ లేదు. 'ఆగు' అన్న మాటని గొణుగుడన్నయ్య వరసలో అన్నిటికంటే ముందుకి తెచ్చాడు. అప్పుడు పెట్టెలు జారసాగాయి. జారకుండా వేళ్ళకి రబ్బరు తొడుగులు మార్చారు, మోచేతుల్లో స్ప్రింగులు పెట్టారు. రోజూ ఏదో ఒకటి పగిలేది. షెడ్డు నేలంతా నీళ్ళు, గాజు పెంకులు. ఆగక్క రబ్బరు బూట్లు వేసుకుని పసుపు గుండ్రంలో నిలబడి, "ఈసారి ఆగింది గానీ పెట్టె నా ఒళ్ళో వేసింది," అని కేకేసేది. కంపెనీ కరపత్రంలో మాత్రం దీన్నంతా 'మరింత మెరుగైన వినికిడి' అని రాశారు. అది చదివి వినిపిస్తే అత్తగారు, "ఇన్నాళ్ళూ చెవుడుందని ఒప్పుకున్నట్టేగా," అంది.

ఒక మంగళవారం పొద్దున, అంచుదాకా నీళ్ళున్న ట్యాంకుతో మెరుపు పూర్తి వేగంతో గుండ్రం వైపు వచ్చింది. గొణుగుడన్నయ్య బల్ల మీది కాగితాలన్నీ ముందుజాగ్రత్తగా ఒడిలోకి లాక్కున్నాడు. ఆగక్క జలుబుతో బొంగురుపోయిన గొంతుతో, అరవకుండా, పక్కింటావిడతో అన్నట్టు, "ఆగు," అంది.

ఆగింది. ట్యాంకులో నీళ్ళు ముందుకి ఒరిగి, అంచు మీద ఉబ్బి, వెనక్కి సర్దుకున్నాయి. ఆమె నేల వంక చూసింది. ఒక్క చుక్క లేదు. ఆమె వెనక నుంచి గొణుగుడన్నయ్య పకపకా నవ్వడం వినిపించింది. తనూ నవ్వుతూ జేబులోంచి కలం తీసి, కాగితం దాని ఇనుప ఛాతీకే ఆనించి సంతకం పెట్టింది.

"రెండోదాన్ని పంపండి," అంది.